ముక్క పడని రోజులు



ఈసారి పేకాట గురించి రాస్తానంటే మా ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "మిల్లు కుటుంబాల పత్రికలో పేకాటా? ఆడవాళ్ళు చదివితే నిన్ను కాదు, నన్ను తిడతారు" అంది. తిడితే తిట్టారులెండి. మన పేటల్లో పేకముక్క పట్టని మగాడు ఎక్కడున్నాడో చెప్పండి. పట్టినవాళ్ళలో బాగుపడినవాళ్ళు తక్కువ, అదీ నాకు తెలుసు. నేను చదివింది అయిదో తరగతి. కానీ నలభై ఏళ్ళుగా పదమూడు ముక్కలాట ఆడుతున్నాను, ఆడేవాళ్ళని చూస్తున్నాను. ఆట నేర్పడానికి కాదు ఇది. వరసగా ముక్క పడని రోజున మనిషి ఏమవుతాడు, ఎలా కూర్చుంటే ఒడ్డున పడతాడు, అదొక్కటే రాస్తాను.

మా ఊరు మెట్టకూరు, యానాంలో. మాది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కిందకి వస్తుంది కాబట్టి మా కుర్రతనంలో పని కావాలంటే పుదుచ్చేరి మిల్లు వైపే చూసేవాళ్ళం. కాకినాడలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసులో దిగి, అక్కడి నుంచి బస్సు. రైల్లో తువ్వాలు పరిచి పేక తీసేవాళ్ళం. నాకు ఆట వచ్చింది ఆ తువ్వాలు మీదే.

నేర్పింది మా మిల్లులో కార్డింగ్ డిపార్ట్‌మెంట్లో చేసే ఒక పెద్దాయన. మమ్మల్నందరినీ "అబ్బాయ్" అనేవాడు. ఆయన నాకు ముందు నేర్పింది ముక్కలు కలపడం కాదు, ముక్కలు పడేయడం. ఆట తెలియని అక్కచెల్లెళ్ళ కోసం రెండు మాటలు చెప్తాను. ఆరుగురు కూర్చుంటే రెండు పేకలు కలిపి మనిషికి పదమూడు ముక్కలు పంచుతారు. ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు, అదీ జోకరు పెట్టకుండా కలవాలి. అది కలవకపోతే చేతిలో ఇంకేం కలిసినా లెక్కకి రాదు. ఎవడైనా ఆట తిప్పేలోపు మనకి అది పడకపోతే ముక్కలన్నీ లెక్కేసి, ఎంత పెద్దదైనా 80 దగ్గర ఆపుతారు. దాన్నే ఫుల్లు అంటాం. ముక్కలు చూసుకోగానే, ఒక్క ముక్కా ఎత్తకుండా "నాకొద్దు" అని బోర్లించేస్తే 20 తోనే పోతుంది. అది డ్రాపు. కొంచెం ఆడి మధ్యలో బోర్లిస్తే 40.

పాయింటుకి అయిదు పైసలు లెక్కన ఆడేవాళ్ళం. అంటే డ్రాపుకి ఒక రూపాయి, ఫుల్లుకి నాలుగు రూపాయలు. పెద్దాయన ముక్కలు విప్పి చూసేవాడు. జోకరు లేదు, పక్కపక్క ముక్కలు లేవు, ఆఠీను రాజు ఒక మూల, ఇస్పేటు రాణి ఒక మూల, కళావరు ఆసు ఇంకో మూల. నవ్వి బోర్లించేసేవాడు. మళ్ళీ పంచితే మళ్ళీ అంతే. మళ్ళీ బోర్లింపు. ఏడెనిమిది ఆటలు వరసగా రూపాయి రూపాయి పెట్టేసి ఏమీ జరగనట్టు కూర్చునేవాడు. మాకు ఉడుకు రక్తం. "ఇదేం ఆటండీ, ముసలాట" అని వెక్కిరించేవాళ్ళం. మేం అదే చెత్త చేతులు పట్టుకుని, ఏదో ఒకటి రాకపోతుందా అని ఆడి, నాలుగేసి రూపాయలు కట్టేవాళ్ళం. పది చెత్త చేతులకి ఆయనకి పోయేది పది రూపాయలు, మాకు ముప్పయ్యో నలభయ్యో. తరవాత మంచి చెయ్యి ఆయనకీ వచ్చేది, మాకూ వచ్చేది. ఆయనకి ఆ ఒక్క చేతితో పోయినవన్నీ తిరిగి వచ్చేవి. మాకు సగం కూడా వచ్చేవి కాదు.

ఇంకోటి చెప్పాలి. డ్రాపు చేశాక ఆయన లేచేవాడు కాదు. మేమైతే బీడీ వెలిగించుకోవడానికో, టీ తాగడానికో పోయేవాళ్ళం, మన ఆట కాదు కదా అని. ఆయన అక్కడే కూర్చుని ఎవడు ఏ ముక్క వదులుతున్నాడు, ఎవడు పైముక్క ఎత్తుతున్నాడు, ఎవడికి ఆట దగ్గర పడితే కాలు ఊపుతాడు, అన్నీ చూసేవాడు. ముక్క పడని గంట ఆయనకి బడి గంట. అందుకే మంచి చెయ్యి వచ్చినప్పుడు ఎవడి దగ్గర ఏముందో సగం తెలిసి ఆడేవాడు.

ఇక్కడ మన మిల్లు పనివాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. నేను రింగ్ ఫ్రేమ్ మీద చేశాను. ఒక్కో రోజు పోగులు తెగుతాయి చూడండి, అతికిన చోట వదిలి అటు తిరిగేలోపు పది తెగుతాయి. అప్పుడు మేం ఏం చేస్తాం? కారణం వెతుకుతాం. గాల్లో తేమ తగ్గిందా? వేసవిలో వడగాలికి నూలు పెళుసవుతుంది. ట్రావెలరు అరిగిందా? కుదురు ఊగుతోందా? పత్తి రకం మార్చారా? వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఊరికే పోగు తెగదు. ముప్పై ఏళ్ళు అలా పనిచేసినవాడికి వరసగా ఏది చెడ్డా దానికో కారణం ఉండే ఉంటుందని ఒంట్లో ఇంకిపోతుంది.

అదే బుద్ధితో పేక దగ్గర కూర్చుంటే చెడతాం. ముక్క పడకపోతే కూర్చున్న దిక్కు మార్చమంటాడొకడు. పేక మార్చమంటాడు ఇంకొకడు. చొక్కా విప్పి తిరగేసి తొడుక్కున్నవాణ్ణి చూశాను. పొద్దున్న ఇంట్లో ఎదురొచ్చినవాళ్ళని తిట్టినవాడినీ చూశాను, ఎదురొచ్చింది వాడి కన్నకూతురు. పేకకి కారణం లేదండి. ముక్కలు సరిగ్గా కలిపారా, ఎవడన్నా చెయ్యి తిప్పుతున్నాడా, ఈ రెండే చూసుకోవాలి. మొన్నటి ఆటలో కలిసిన వరసలు విడిపోకుండా అలాగే పంచేవాళ్ళుంటారు, వాళ్ళ చేత మళ్ళీ కలిపించాలి. ఆ రెండూ బాగుంటే ఇక వెతకడానికేం లేదు. కారణం లేనిదానికి కారణం వెతికే మనిషికే ముందు ఓర్పు పోతుంది.

మా మనవరాలు కాలేజీలో లెక్కలు చదువుతోంది. దాన్ని అడిగాను. ఆరుగురూ సమానంగా ఆడేవాళ్ళే అనుకుంటే వరసగా పది ఆటలు ఒకడికి ఒక్కటీ రాకపోవడం ఎంత అరుదు అని. కాగితం మీద ఏదో గుణించి, "తాతయ్యా, నూటికి పదహారు సార్లు అలా జరుగుతుంది" అంది. నేను నమ్మలేదు. మళ్ళీ చేయించాను. అంతే వచ్చింది. వరసగా ఇరవై ఆటలు రాకపోవడమైతే నలభైకి ఒకసారి. అంటే మనం శాపం అనుకునేది చాలాసార్లు మామూలు ఆదివారమే. పదకొండో ఆటలో వచ్చే అవకాశం ఎంత అంటే, మొదటి ఆటలో ఎంతో అంతే, ఆరింట ఒకటి. ముందు పది పోయాయని పేకకి తెలియదు, అది కలిపేశాం కదా.

ఇదే మాట మా అన్నయ్య కొడుకు వేరే దారిలో చెప్పాడు. వాడు గోవాలో పనజీ దగ్గర మాండవి నది మీద నిలబెట్టిన కేసినో ఓడలో ముక్కలు పంచే ఉద్యోగం చేస్తాడు. మన గోదారి ఒడ్డున పుట్టి ఇంకో నది మీద పేక పంచుతున్నాడు, బతుకు అలా ఉంది. అక్కడ పోకరు అని ఒక ఆట. మనిషికి రెండే ముక్కలు చేతికిస్తారు, మిగతావి బల్ల మీద అందరికీ కలిపి పరుస్తారు. రెండూ ఆసులు రావడం అన్నిటికన్నా గొప్ప చెయ్యి. అది 221 పంపకాల్లో ఒకసారి వస్తుందట లెక్క ప్రకారం. మనుషులు కూర్చుని ఆడే బల్ల మీద గంటకి ముప్పై పంపకాలు కూడా కష్టమే. "అంటే బాబాయ్, మీ మిల్లు లెక్కలో ఎనిమిది గంటల షిఫ్టుకి ఒక్కసారి" అన్నాడు. అదీ సగటున. రెండు షిఫ్టులు కూర్చున్నా ఒక్కసారీ రానివాడు పదిమందిలో ఒకడుంటాడు.

"మరి మిగతా సేపు ఏం చేస్తార్రా?" అన్నాను.

"మంచి ఆటగాళ్ళు పడేస్తూ కూర్చుంటారు బాబాయ్. ఎక్కువ చేతులు చూసి పడేయడమే. ఆడేది తక్కువ. డబ్బు పోగొట్టుకునేవాళ్ళు విసుగుపుట్టి ఆడేవాళ్ళు. గంట నుంచి ఏమీ రాలేదు కదా, ఇది ఆడదాం అని ఆడతారు. ముక్క చూసి ఆడరు, గడియారం చూసి ఆడతారు" అన్నాడు.

మా పెద్దాయన ఉంటే వాడి వీపు తట్టేవాడు.

అయితే డ్రాపు మీద డ్రాపు కొట్టినవాడంతా ఓర్పున్నవాడనుకోకండి. మా జట్టులో ఒకడున్నాడు, నాలుగు ఫుల్లులు పడితే ఇక భయం పట్టుకుంటుంది. అయిదో చేతికి జోకరు, రెండు వరసల్లో పక్కపక్క ముక్కలు వచ్చినా బోర్లించేస్తాడు. అడిగితే "ఇవాళ నా రోజు కాదు" అంటాడు. అదీ ఆవేశంతో ఆడేవాడి తప్పే, తిరగేసి చేస్తున్నాడంతే. ఇద్దరూ చేతిలో ఉన్న ముక్కల్ని చూడరు, పోయిన ముక్కల్ని చూస్తారు. వాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, మనిషి మాత్రం మంచివాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాయనా వద్దా అని మా మరదలిని అడిగాను. "పేరు రాయకు బావా, మిగతాది రాయి, పది మందీ చదవనీ" అంది.

మా తోడల్లుడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. నేనే మిల్లులో పెట్టించాను. మొదట ఇద్దరం బద్లీలుగానే ఉన్నాం, వేరువేరు కాలాల్లో. మన పిల్లలకి ఈ మాట తెలియదు. పర్మనెంటు మనిషి రాకపోతే ఆ రోజుకి వాడి బదులు పని. రోజూ షిఫ్టు మొదలయ్యే ముందు గేటు దగ్గర నిలబడాలి. పేరు పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. వారం పాటు పిలవని సందర్భాలున్నాయి. మా తోడల్లుడు ఒకసారి పద్దెనిమిది రోజులు నిలబడ్డాడు. పందొమ్మిదో రోజూ వెళ్ళాడు. అంత ఓర్పున్న మనిషి.

తరవాత మిల్లు మూతపడింది. సెటిల్మెంటు కింద కొంత చేతికిచ్చి, మిగతాది తరవాత అన్నారు. అప్పుడు మొదలైంది వాడికి. మా వైపు కొబ్బరితోటల్లో చాటుగా మూడు ముక్కలాట నడిచేది. రమ్మీకీ దానికీ చాలా తేడా ఉంది, ఈ సంగతి కోర్టు కూడా చెప్పింది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, వకీళ్ళు 1968 తీర్పు అని చెప్పేది అదే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ఉత్త అదృష్టం ఆట కాదు అన్నారు. మూడు ముక్కలాటని మాత్రం పూర్తిగా అదృష్టం ఆటగానే లెక్కకట్టారు. అలాగని ఆట పెట్టి లాభం తీసుకునే క్లబ్బులకి ఆ తీర్పు ధైర్యం ఇవ్వలేదు, అదీ గుర్తుంచుకోవాలి. మూడు ముక్కలాటలో మా పెద్దాయన ఓర్పు కూడా పూర్తిగా అక్కరకు రాదు. నువ్వు ఎంతసేపు చూసినా నేర్చుకునేది తక్కువ. లేచి ఇంటికి రావడమే అందులో నేర్పు.

మా తోడల్లుడు లేవలేదు. చేతికొచ్చిన లక్షా ఇరవై వేలలో ఆరు నెలల్లో పద్నాలుగు వేలు మిగిలాయి. మా మరదలు రాత్రి పదింటికి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. "బావా, ఆయనకి నీ మాటంటే గురి. ఒకసారి రా" అంది.

వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మనవరాలి లెక్క అప్పటికి నాకు తెలియదు, తెలిసిన మాటల్లోనే చెప్పాను. "తమ్ముడూ, ముక్క పడనప్పుడు వదిలెయ్యాలి కదరా, నీకు తెలియనిదా" అన్నాను. వాడు నా వైపు చూసి, "అన్నయ్యా, నాకు రావలసింది ఉంది. ఇన్నాళ్ళు పోయింది. ఇప్పుడు లేస్తే నాకు రావలసింది ఇంకొకడు ఎగరేసుకుపోతాడు" అన్నాడు.

ఆ మాట నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. ఎందుకంటే అదే మాట పొద్దున్న కూడా అన్నాడు వాడు, మిల్లు బకాయిల గురించి. "నాకు రావలసింది ఉంది." ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, రేపు రా, వచ్చే నెల రా అనిపించుకుని, గేటు దగ్గర నిలబడ్డట్టే పేక దగ్గర కూడా నిలబడ్డాడు. పద్దెనిమిది రోజులు పిలవకపోతే పందొమ్మిదో రోజు పిలిచారు కదా, పేకా అలాగే పిలుస్తుందని.

తెల్లారి మళ్ళీ వెళ్ళాను. "మిల్లు నీకు బాకీ ఉంది. దానికి సర్వీసు లెక్కుంది, కాగితం ఉంది, సంతకం ఉంది, యూనియన్ ఉంది. దాని కోసం ఎన్నేళ్ళయినా నిలబడు, నేనూ నీతో నిలబడతాను. పేక నీకు రూపాయి కూడా బాకీ లేదురా. దాని దగ్గర నీ పేరు రాసిన పుస్తకం లేదు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. మారిపోయాడని కథల్లో రాసినట్టు రాయను. ఇంకో రెండుసార్లు తోటకి వెళ్ళాడు. మిగిలిన పద్నాలుగు వేలు ఆవిడ వేరే తీసి పెట్టేసింది కాబట్టి వెళ్ళినా ఆడడానికి లేదు. ఒడ్డున కూర్చుని చూసి వచ్చేవాడట. మెల్లగా అదీ మానేశాడు.

ఇప్పటి కుర్రాళ్ళకి ఆ కాస్త వ్యవధి కూడా లేకుండా పోయింది. ఫోన్లో రమ్మీ వచ్చాక పడుకుని దుప్పటి కప్పుకుని ఆడడమే. చాప మీద ఆటకి ముక్కలు ఏరాలి, కలపాలి, కొయ్యాలి, పంచాలి. రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో వేడి దిగుతుంది, ఎవడో జోకు వేస్తాడు, ఇంట్లోంచి కేక వినపడుతుంది, జేబులో ఎంత ఉందో చెయ్యి తడుముకుంటుంది. ఫోను చటుక్కున పంచేస్తుంది. డబ్బు పోవడం కూడా కనపడదు, అంకె మారుతుంది అంతే. చెడ్డ ముక్కలు వరసపెట్టినప్పుడు మనిషికి కావలసింది ఆ కాసేపు ఆగడమే, దాన్నే తీసేశారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ డబ్బు రమ్మీని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మంచి పనే. కానీ మా వీధిలో ఒక కుర్రాడు అప్పటికే బండి తాకట్టు పెట్టేశాడు, ఇంకా కిస్తీలు కడుతున్నాడు. ఇంట్లో ఎవరి ఫోను రాత్రి పన్నెండు దాటాక వెలుగుతుందో అమ్మలు ఒక కన్నేసి ఉంచితే మంచిది, అది వేరే దేనికైనా మంచిదే.

మేం ఇప్పుడూ ఆడతాం. ఆదివారం మధ్యాహ్నం మా అరుగు మీద, ఆరుగురం, డబ్బు లేకుండా. చాక్‌పీసుతో పలక మీద పాయింట్లు రాస్తాం, 201 దాటినవాడు అందరికీ టీలు తెప్పించాలి. మా తోడల్లుడు కూడా వస్తాడు. పోయిన ఆదివారం వాడికి వరసగా ఏడు చేతులు బాగా లేవు. ఏడూ బోర్లించాడు. మా భయస్తుడు "ఇవాళ నీ రోజు కాదులే" అంటే, "రోజుతో పనేముంది, ముక్కలు పంచు" అన్నాడు. ఎనిమిదో చేతికి ఆడాడు, అదీ పోయింది. టీలు వాడే తెప్పించాడు.

మిల్లు బకాయి మాత్రం నాలుగేళ్ళ తరవాత వచ్చింది, అనుకున్నదాని కన్నా తక్కువే. ఇద్దరి పేరు మీద బ్యాంకులో వేయించాం. పాస్‌బుక్ మా మరదలు దాచింది. ఎక్కడ దాచిందో వాడికి చెప్పలేదు. నాకూ చెప్పలేదు, నేనూ అడగలేదు.